తోడుబండితో సైకిలు యాత్ర

భిలాయి ఉక్కు నగరమున రుఆబాంధా యను నివాస విభాగము కలదు. మరోదా జలాశయములకును, మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాలకును చేరువలో, చెట్ల నీడల నడుమ కర్మాగారపు ఉద్యోగుల యిండ్లు వరుసలు తీరి యుండును. ఉక్కు నగరమునకు నీరు తాందులా జలాశయమునుండి కాలువ వెంట వచ్చుచున్నది. కర్మాగారపు కొలుములకు ఇనుపరాయి ఆరు దశాబ్దములకు పైగా దల్లీ రాజహరా కొండలనుండి వచ్చుచున్నది. ఆ నీటికిని, ఆ ఇనుమునకును ఎదురేగి వాని పుట్టినింటిని చూచి రావలెనన్న కోరిక గలవారికి మూడు దినముల సైకిలు యాత్ర చాలును. అయితే ఆ మూడు దినములు సుఖముగా గడచుటయు, కీడుగా పరిణమించుటయు యాత్రికుని కాలి సత్తువపై కంటె ముందుగా జరుగు ఏర్పాట్లపై ఎక్కువగా ఆధారపడి యుండును. ఆ యేర్పాట్లను వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సైకిలుతో పెరిగిన నగరము

భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ 1955లో కుదిరిన ఒప్పందము ననుసరించి భిలాయి కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన అప్పటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ ఇచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వేలాది తెలుగు కుటుంబములు పనికై వచ్చి యిచ్చట స్థిరపడినవి. ఆ తొలి తరము వారికి సైకిలే వాహనము. షిఫ్టు మారు వేళల కర్మాగారపు ద్వారములయొద్ద సైకిళ్లు బారులు తీరెడివి. తండ్రులు సైకిలుపై పనికి పోయిరి. కుమారులు మోటారు సైకిలుపై పోవుచున్నారు. మనుమలు బడికి సైతము బండిలో పోవుచున్నారు. జీతము పెరిగినది, నడక తగ్గినది. దానితోపాటు రక్తపుపోటు, మధుమేహము, స్థూలకాయము ఇంటింటి మాట యైనవి.

వయోజనులు వారమునకు కనీసము 150 నుండి 300 నిమిషములవరకు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరల నొక్కి చెప్పినది. దినమున కరగంట చొప్పున వారమున కైదు దినములు సైకిలు త్రొక్కినవారికి ఈ నియమము నెరవేరును. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినముగా ప్రకటించినది. మన దేశమున 2019లో ఆరంభమైన ఫిట్ ఇండియా ఉద్యమము క్రింద 2024 డిసెంబరులో సైకిలు స్వారి కార్యక్రమము మొదలైనది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సరస్వతి సైకిలు పథకము క్రింద ఉన్నత పాఠశాలలో చేరు పేద బాలికలకు సైకిళ్లు ఇచ్చుచున్నారు. కాబట్టి సైకిలు పాతకాలపు వస్తువు కాదు. మరల ఇంటికి రాదగిన చుట్టము.

తోడుబండి యనగా నేమి?

ఒంటరిగా మూటలు కట్టుకొని దేశాటనము చేయుట ఒక పద్ధతి. పదిమందో, నూరుమందో కలిసి, కొన్ని దినములు వరుసగా, ముందుగా నిర్ణయించిన దారిలో త్రొక్కుచు పోవుట మరియొక పద్ధతి. ఈ రెండవదానియందు యాత్రికుల వెనుక ఒక బండి వచ్చుచుండును. సామానులు, త్రాగునీరు, ఆహారము, పంపు, ట్యూబులు, పనిముట్లు, ప్రథమచికిత్స పెట్టె అందుండును. అలసినవానికి కూర్చుండుటకు చోటును, పాడైన సైకిలును ఎత్తి పెట్టుకొనుటకు వీలును ఉండును. దీనినే ఇచ్చట తోడుబండి యని పిలుచుచున్నాము. కొన్ని కిలోమీటర్ల కొకచోట నీటి మజిలీ, రాత్రికి బస, దారి తెలిసిన నాయకుడు, అందరికంటె వెనుక వచ్చుచు ఎవరిని విడిచిపెట్టని తోడువాడు, ఇవన్నియు ఆ యేర్పాటులోని భాగములే.

ఈ భావము ఛత్తీస్‌గఢ్ ప్రజలకు క్రొత్తది కాదు. నవరాత్రుల దినములలో రాయపూరు, దుర్గు, భిలాయి, రాజనాందగావ్ పట్టణములనుండి వేలాది భక్తులు డోంగర్‌గఢ్ కొండపైనున్న బమ్లేశ్వరీ దేవి దర్శనమునకు కాలినడకన పోవుదురు. దారి పొడవున సేవా పందిళ్లు వెలయును. నీరు, ఫలహారము, విశ్రాంతి, బొబ్బలెక్కిన పాదములకు మందు అచ్చట లభించును. భక్తుడు నడచును, ఊరు ఆతనిని మోయును. తోడుబండి యాత్రలోని మర్మము కూడ ఇదియే.

మూడు నిదర్శనములు

ఇట్టి యాత్రలలో మిక్కిలి పేరొందినది అమెరికాలోని అయోవా రాష్ట్రమున ఏటేట జూలై మాసాంతమున జరుగును. డిమాయిన్ నగరపు పత్రికకు చెందిన ఇద్దరు రచయితలు, జాన్ కారాస్, డోనాల్డ్ కౌల్ అనువారు, 1973లో తమతో కలిసి రాష్ట్రమును దాటవలసినదిగా పాఠకులను ఆహ్వానించిరి. పడమటి నది మిస్సోరీ వద్ద వెనుక చక్రమును, తూర్పున మిసిసిపీ వద్ద ముందు చక్రమును నీటిలో తడుపుట ఆ యాత్రాచారము. ఆ మొదటి యేట ఎనుబది మూడేండ్ల క్లారెన్స్ పికార్డ్ అను వృద్ధుడు పాత ఆడువారి సైకిలుపై యాత్రను పూర్తిచేసి ప్రజల మన్ననకు పాత్రుడయ్యెను. నేడు వేలాది జనులు అందు పాల్గొనుచున్నారు. వారి సామానులు లారీలలో ముందుగానే రాత్రి బసకు చేరుచుండును.

దక్షిణ భారతమున 2008 డిసెంబరులో ఆరంభమైన నీలగిరుల సైకిలు యాత్ర కర్ణాటక, కేరళ, తమిళనాడు రాష్ట్రముల కొండదారులలో సాగును. వారము దినములకు పైబడిన ఆ యాత్రలో తోడుబండ్లు, వైద్య సహాయము, మరమ్మతు పనివారు వెంట నుందురు. మలుపులతో నిండిన ఎత్తైన కొండదారిని ఎక్కలేనివారు బండి నెక్కుటకు ఎట్టి ఆటంకమును లేదు.

మూడవ నిదర్శనము భిలాయికి మరింత దగ్గరిది. ఉక్కు కర్మాగారమునకు కాపలా కాయు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము 2025 మార్చి 7 నుండి 31 వరకు దేశపు తీరముల వెంట సైకిలు యాత్ర జరిపెను. ఒక జట్టు గుజరాతులోని లఖపత్ కోటనుండియు, మరియొక జట్టు పశ్చిమ బెంగాలులోని బక్ఖాలినుండియు బయలుదేరి కన్యాకుమారియొద్ద కలిసికొనెను. రెండు జట్లును కలిసి 6,553 కిలోమీటర్ల దారి గడచెను. 125 మంది పాల్గొనగా వారిలో 14 మంది స్త్రీలు. తూర్పు జట్టు ఆంధ్రదేశపు కోస్తా మీదుగా సాగెను. వీరు నిత్యము శరీరశ్రమ చేయు దళమునకు చెందినవారైనను వెంట సహాయక బృందములు లేకుండ బయలుదేరలేదు. కసరత్తు వృత్తిగా గలవారికే తోడు కావలసి వచ్చినపుడు, కుర్చీ విడిచి రాని గుమాస్తాకు దాని యవసరము చెప్పవలసిన పని లేదు.

ఒక్కనాటి స్వారి వేరు, వరుస దినముల యాత్ర వేరు

ఉదయమున ముప్పది కిలోమీటర్లు త్రొక్కి ఇంటికి వచ్చి పండుకొనుట చాలమందికి సాధ్యమే. మరునాడు అంతియే దూరము, ఆ మరునాడు ఇంకను కొంత దూరము పోవలసి వచ్చినపుడే దేహము లెక్క అడుగును. మొదటి దినపు నీటికొరత పూర్తిగా తీరక రెండవ దినమునకు సంక్రమించును. సీటు రాపిడికి ఎర్రబడిన చర్మము మరునాడు పుండగును. చిన్న మోకాలినొప్పి మూడవనాటికి కుంటునట్లు చేయును. రాత్రి నిద్ర చాలనివాడు పగలు గుంతను చూడడు. కాబట్టి బహుదినముల యాత్రలో నేర్పంతయు వేగమునందు లేదు. ఈనాటి బడలికను రేపటికి మిగుల్చకుండుటయందు ఉన్నది.

షిఫ్టులలో పనిచేయువారు ఈ విషయమున మరింత జాగరూకులు కావలెను. రాత్రి షిఫ్టు దిగి, కనులు మండుచుండగా సైకిలెక్కి యాత్రకు బయలుదేరుట నిద్రమత్తులో బండి నడపుటతో సమానము. బయలుదేరుటకు ముందు రెండు రాత్రులైనను కడుపునిండ నిద్రపోవలెను.

ముందుగా డాక్టరు, తరువాత సైకిలు

నలువది యేండ్లు దాటినవారును, చాలకాలము శ్రమకు దూరమైనవారును, రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము గలవారును యాత్రకు పేరు వ్రాయించుకొనుటకు ముందు డాక్టరును చూడవలెను. మెట్లెక్కునపుడు రొమ్ము పట్టినట్లుండుట, కారణము లేని ఆయాసము, గుండెదడ, కళ్లు తిరుగుట మున్నగునవి యున్నచో దాచరాదు. యాత్ర మరుసటి యేడు మరల వచ్చును.

మధుమేహమునకు ఇన్సులినుగాని, కొన్ని రకముల మాత్రలుగాని వాడువారికి శ్రమ చేయుచున్నపుడే గాక ఆ రాత్రికి సైతము రక్తమున చక్కెర మితిమీరి పడిపోవచ్చును. చెమట, వణుకు, ఆకలి, తికమక దాని గురుతులు. వీరు గ్లూకోజును గాని చక్కెరను గాని సదా జేబులో ఉంచుకొనవలెను. తమ సంగతి తోటివారిలో ఒక్కరికైనను చెప్పి యుండవలెను. రాత్రి పాదములను పరీక్షించుకొనవలెను. మందుల మోతాదు మార్చుట డాక్టరు పని, రోగి పని కాదు. ఉబ్బసము గలవారు పీల్చు మందును తోడుబండిలో కాక తమ యొంటిపైననే ఉంచుకొనవలెను.

ఛత్తీస్‌గఢ్ వాసులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది సికిల్ సెల్ రక్తహీనత. తల్లిదండ్రులనుండి సంక్రమించు ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణములు కొడవలి ఆకారము దాల్చి సన్నని రక్తనాళములలో అడ్డుపడును. ఈ రాష్ట్రమున ఈ వ్యాధి విస్తారముగా కలదు. గిరిజనులకే పరిమితము కాదు. ఆంధ్ర, తెలంగాణముల మన్యపు ప్రాంతములలోను కలదు. 2047 నాటికి దీనిని నిర్మూలింపవలెనను లక్ష్యముతో 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని శహడోలునందు ప్రధానమంత్రి జాతీయ కార్యక్రమమును ప్రారంభించిరి. వ్యాధిగ్రస్తులకు దాహము, చలి, మితిమీరిన శ్రమ తీవ్రమైన నొప్పులను తెచ్చిపెట్టగలవు. కనుక వారు డాక్టరు సలహా లేనిదే యాత్రకు పోరాదు. తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే ఆ లక్షణము పొందినవారు సాధారణముగా ఆరోగ్యవంతులే. అయినను ఎండలో ఓపికకు మించి శ్రమించినచో వారికి సైతము అరుదుగా ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టివారు యాత్రకు పోవచ్చును గాని నీరు త్రాగుచు, తరచుగా ఆగుచు, పందెములకు పోకుండ త్రొక్కవలెను. కుటుంబమున ఎవరికైన ఈ వ్యాధి యున్నచో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున ముందుగా రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

ఆరు వారముల సాధన

యాత్రకు ఆరు వారముల ముందు సాధన మొదలుపెట్టవలెను. మొదటి వారమున మూడు పర్యాయములు పదేసి కిలోమీటర్లు చాలును. వారము వారము దూరమును కొద్ది కొద్దిగా పెంచవలెను. చివరి రెండు వారములలో ఒకసారియైనను వరుసగా రెండు దినములు ముప్పదేసి కిలోమీటర్లు త్రొక్కి చూడవలెను. రెండవనాటి ఉదయము సీటుపై కూర్చుండునపుడు కలుగు అనుభవమే నిజమైన పరీక్ష. యాత్రలో ఏ సైకిలు, ఏ దుస్తులు, ఏ చెప్పులు వాడదలచిరో సాధనయందును వానినే వాడవలెను. క్రొత్త బూట్లు, క్రొత్త సీటు యాత్రనాడు తొడుగరాదు.

సైకిలు ఖరీదైనదే కానవసరము లేదు. యజమాని కొలతకు తగినదై యుండవలెను. సీటుపై కూర్చుండి, మడమను పెడలుపై నుంచి, పెడలు మిక్కిలి క్రిందికి వచ్చినపుడు కాలు చక్కగా చాచియుండినచో సీటు ఎత్తు సరిపోయినట్లు. సీటు తగ్గి యున్నచో మోకాళ్లు నొచ్చును. రెండు బ్రేకులు, చైను, టైర్లు, గంట, ముందు దీపము, వెనుక ఎర్ర దీపము పరీక్షింపవలెను. శిరస్త్రాణము లేనివారిని యాత్రలో చేర్చుకొనరాదు. దాని పట్టీ గడ్డము క్రింద బిగిసి యుండవలెను. వదులుగానున్న శిరస్త్రాణము చేతిలో నున్నదానికంటె మేలు కాదు.

రుఆబాంధా నుండి రాజహరా వరకు

ఇప్పుడొక దారిని నిదర్శనముగా తీసికొందము. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ ప్రాంతమున సైకిలు యాత్రకు అనువైన కాలము. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటును గనుక అప్పుడు పోరాదు. రుఆబాంధానుండి బయలుదేరి దుర్గు–బాలోద్ మార్గమును పట్టి మొదటి దినమున గుండర్‌దేహి చేరవచ్చును. రెండవ దినమున బాలోద్ చేరి, సమీపముననున్న తాందులా జలాశయమును చూడవచ్చును. 1921లో పూర్తియైన ఆ కట్టపై నిలిచి చూచినపుడు రుఆబాంధా కొళాయిలోని నీరు ఎంత దూరమునుండి వచ్చుచున్నదో బోధపడును. మూడవ దినమున నేల క్రమముగా ఎత్తు పెరుగుచు, మన్ను ఎర్రబారుచు, దల్లీ రాజహరా గనులు చేరువగును. ఈ కొండలలోని ఇనుపరాయిని పందొమ్మిదవ శతాబ్దాంతమున భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు గుర్తించెను. మొత్తము దూరము సుమారు 90 కిలోమీటర్లు. గట్టివాడు ఒక్క దినమున పోగలడు. కాని వెంట భార్యాబిడ్డలు, పింఛనుదారులు ఉన్నపుడు మూడు దినములే సరియైన గడువు.

ఈ దారికి ఒక సౌలభ్యము కలదు. దుర్గునుండి దల్లీ రాజహరాకు రైలు మార్గమున్నది. మరోదా, గుండర్‌దేహి, బాలోద్ స్టేషనులు ఆ మార్గముననే యున్నవి. కావున తోడుబండికి మరియొక తోడు దొరికినట్లే. బండ్లు తక్కువ గనుక వేళలు ముందుగా తెలిసికొనవలెను. లోపమును కలదు: ఈ మార్గమున లారీల రాకపోకలు హెచ్చు. తెల్లవారి వెలుతురు వచ్చిన పిమ్మట బయలుదేరి, ఎండ ముదురకముందే ఆనాటి దూరములో అధికభాగము ముగింపవలెను. పొద్దు గ్రుంకిన పిమ్మట త్రొక్కరాదు.

నాయకుడు ముందుగా ఒకసారి దారియంతయు చూచి రావలెను. ప్రతి మజిలీకి చేరువలోనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, పెద్ద ఆసుపత్రి ఎచ్చట నున్నవో వ్రాసి యుంచుకొనవలెను. అత్యవసరమున 108 గాని 112 గాని పిలువవలెనని అందరికిని తెలిసి యుండవలెను. ప్రతి యాత్రికుని పేరు, వయస్సు, జబ్బులు, వాడు మందులు, ఇంటివారి టెలిఫోను సంఖ్య గల కాగితము తోడుబండిలో నుండవలెను.

దారిలో నడవడి

ఒకరి వెనుక నొకరుగా ఎడమ ప్రక్కన పోవలెను. ఇద్దరి నడుమ రెండు సైకిళ్ల పొడవైనను ఎడముండవలెను. ముందువాడు గుంతను, ఇసుకను చేతి సైగతో వెనుకవానికి తెలుపవలెను. లారీ వెనుకనంటి పోరాదు. ప్రక్కన చేరిన సైకిలు లారీ నడుపువానికి కనబడదు. చెవులకు పాటల యంత్రములు తగిలించుకొనరాదు. మద్యము యాత్ర ముగియువరకు నిషిద్ధము.

దాహమగువరకు వేచియుండక పావుగంట కొకసారి కొద్దికొద్దిగా నీరు త్రాగవలెను. మూత్రము ముదురు పసుపుగా నున్నచో నీరు చాలలేదని తెలియవలెను. అయితే గంటలకొలది చెమట కార్చుచు ఉత్త నీటినే మితిమీరి త్రాగుటయు ప్రమాదమే. రక్తమున ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతి, తికమక కలుగును. ఓ.ఆర్.ఎస్. పొట్లమును లీటరు నీటిలో కలిపి మధ్యమధ్య త్రాగవలెను. అది లేనపుడు లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు సమముగా కొలిచి కలుపుకొనవచ్చును. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

ఆహారము తేలికగా, పలుమారు తీసికొనవలెను. ఉదయమున ఉప్మా గాని ఈ ప్రాంతపు పోహా గాని, దారిలో అరటిపండ్లు, వేరుశనగ ఉండలు, మధ్యాహ్నము పప్పన్నము, పెరుగన్నము చాలును. తెలుగువారి చద్దన్నమునకు తోబుట్టువైన బోరేబాసీ ఛత్తీస్‌గఢ్ పల్లెలలో శ్రామికులకు చలువచేయు ఆహారము. అయినను యాత్రలో ఎచ్చట, ఎప్పుడు, ఏ నీటితో నానబెట్టిరో తెలియని అన్నమును తినరాదు. మరగించిన నీరు లేక శుద్ధిచేసిన నీరు, వేడి వేడి వంటకము, సబ్బుతో కడిగిన చేతులు, ఈ మూడింటిని పాటించినచో యాత్రను మధ్యలో ఆపు విరేచనములు చాలవరకు దరికి రావు.

ఎత్తు వచ్చినపుడు గేర్లు లేని సైకిలువాడు దిగి నడువవలెను. నడచుట నామోషీ కాదు. చేతివ్రేళ్లు తిమ్మిరెక్కినచో హ్యాండిలుపై పట్టును మార్చుచుండవలెను. ప్రతి సాయంకాలము స్నానము చేసి, చర్మమును పొడిగా తుడుచుకొని, ఉతికి ఆరిన దుస్తులు తొడుగుకొనవలెను. సీటు పుండ్లకు ఇంతకు మించిన మందు లేదు. ఒళ్లునొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలను తమంతట తాము మ్రింగరాదు. నీరు తగ్గిన దేహమున అవి మూత్రపిండములకు హాని చేయును.

రాత్రి బస పాఠశాలలోనైనను, సత్రములోనైనను నేలపై పండుకొనక మంచముపై, దోమతెర క్రింద పండుకొనుట మేలు. కట్లపాము రాత్రివేళ నిద్రించువారిని కాటువేయును. నొప్పియు, గాటును అంతగా కనబడవు. కాటు పడినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట చేయక, అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. కుక్క కరచినచో గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, అదే దినమున టీకాకు పోవలెను.

బండి నెక్కవలసిన ఘడియ

ఇట్టి యాత్రలలో అసలైన అపాయము గుంతయు కాదు, లారీయు కాదు. ఒక్కొక్కపుడు అది యాత్రికుని మనస్సులోనే యుండును. ఏబదియైదేండ్ల యాత్రికు డొకడు ఎత్తుదారిలో రొమ్ము బరువెక్కి, ఎడమచేయి లాగుచుండగా, ముందు పోవుచున్న కుర్రవారు నవ్వుదురని, ఇంట చెప్పి వచ్చిన మాట పోవునని పండ్లు బిగించి త్రొక్కునను కొనుడు. వెనుక తోడుబండి యున్నది, అందు చోటున్నది, ఎవరును వలదనరు. ఆతనికి అడ్డము వచ్చునది సిగ్గొక్కటియే. ఆ సిగ్గు ఖరీదు ప్రాణము కావచ్చును.

కావున ఈ క్రింది గురుతులలో ఏ యొక్కటి కనబడినను త్రొక్కుట ఆపి వెంటనే వైద్య సహాయము పొందవలెను: రొమ్మునొప్పి, దవడకుగాని చేతికిగాని ప్రాకు నొప్పి, విశ్రమించినను తగ్గని ఆయాసము, సొమ్మసిల్లుట, మాట తడబడుట, తికమక. ఎండలో ఒడలు కాలుచు మాట తప్పినవానికి వడదెబ్బ తగిలినదని యెంచి, నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒడలెల్ల చల్లని నీరు పోసి విసరుచు 108ని పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. క్రిందపడి తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినను, వాంతి యైనను, పిదప ఎంత కోలుకొన్నట్లు తోచినను ఆతడు మరల సైకిలెక్కరాదు. యాత్ర ముగిసిన పిమ్మట కండరములు విపరీతముగా నొచ్చుచు మూత్రము నల్లని కాఫీవలె వచ్చినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

యాత్రకు ముందే ఒక నియమమును అందరి యెదుట చదివి ఒప్పించుకొనుట మంచిది. నాయకుడు ఆపుమన్నచో ఆగవలెను. ఎవరు బండి నెక్కినను కారణ మడుగరాదు, హాస్యమాడరాదు. మొదటి దినముననే నాయకుడు తానుగా ఒక కిలోమీటరు దూరము తోడుబండిలో కూర్చుండి వచ్చినచో ఆ నియమమునకు బలము కలుగును. అటుపై బండి నెక్కినవాడు ఓడినవాడు కాడు, నాయకుని తోటివాడే.

జట్టు వేగమును గట్టివారు నిర్ణయింపరాదు. అందరికంటె మెల్లగా వచ్చువానినిబట్టి ఆనాటి గమనము నేర్పరచవలెను. వేగముగా పోగలవారు మజిలీలో ముందుగా చేరి నీరు తోడి యుంచినచో వారి బలము పదిమందికి పనికివచ్చును. ఉక్కు కర్మాగారమున ఏ యొక్క షిఫ్టు ఆగినను కొలుము నిలువదని భిలాయివారికి వేరుగా చెప్పనక్కర లేదు. సైకిలు యాత్రయు అట్టిదే.

యాత్రనుండి తిరిగి వచ్చిన తరువాత రెండు మూడు దినములు విశ్రమించి, పిదప సైకిలును మూలకు చేర్చక వాడుచుండవలెను. కూరగాయల అంగడికి, బడికి, స్నేహితుని యింటికి దినమున కరగంట త్రొక్కినచో మూడు దినముల యాత్ర ఇచ్చిన మేలు ఏడాది పొడవున నిలుచును. యాత్ర ఏటికొకసారి వచ్చు పండుగ. ఆరోగ్యము మాత్రము నిత్యము వండుకొనవలసిన అన్నము.